చిన్నపిల్లలతో థీమ్ పార్క్: లోపలే దిగాలా, బయట దిగాలా, పొద్దున పోయి రాత్రికి రావాలా? (వరంగల్ వైపు వాళ్ల కోసం)

ఫోన్‌లో హోటల్ ఫొటోలు చూడటం కాసేపు ఆపి, ముందు కొలిచే టేపు తీసుకుని పిల్లల ఎత్తు చూడండి. మా ఇంట్లో బీరువా పక్కన గోడ మీద పెన్సిల్ గీతలుంటాయి, ప్రతి ఉగాదికి, పుట్టినరోజుకి ఒకటి. పోయిన ట్రిప్‌కి ముందు కొలిస్తే మా పెద్దమ్మాయి ఐదున్నరేళ్లకి 106 సెంటీమీటర్లు, చిన్నోడు రెండున్నరేళ్లకి 88. హైదరాబాద్ వండర్‌లాలో 85 సెంటీమీటర్లలోపు పిల్లలకి టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దవాళ్ల టికెట్. అంటే మా చిన్నోడు మూడు సెంటీమీటర్ల తేడాతో టికెట్ మనిషి అయిపోయాడు. మరి ఆ టికెట్‌తో ఎక్కేవి ఏంటి అంటే చిన్నపిల్లల రైడ్లు కొన్ని, అంతే. ఫొటోల్లో చూసి మనం మురిసిపోయే పెద్ద రైడ్లు చాలావాటికి 140 సెంటీమీటర్లుండాలి, అది పది, పదకొండేళ్ల పిల్లల ఎత్తు. రామోజీ ఫిల్మ్ సిటీలో కూడా పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టే.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామంది "డబ్బులు పెట్టి పోతున్నాం కదా, అన్నీ ఎక్కించాలి" అనే లెక్కతో బయల్దేరతాం. ఆ లెక్క ఆరేళ్లలోపు పిల్లలకి పనికిరాదు. నేను రెండుసార్లు ఇద్దరు చిన్నపిల్లలతో వెళ్లొచ్చాక తేల్చుకున్నది ఒక్కటే: పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మనం డబ్బు పెట్టాల్సింది రైడ్ల మీద కాదు, మధ్యాహ్నం నిద్ర మీద. ఏ హోటల్ మంచిది అనే ప్రశ్నని "ఒంటిగంటకి పిల్ల ఏడుపు మొదలుపెడితే ఇరవై నిమిషాల్లో మంచం మీద పడుకోబెట్టగలనా" అని మార్చి అడగండి. సగం హోటళ్లు అక్కడే జాబితాలోంచి పోతాయి.

రెండు మూడేళ్ల పిల్లల రోజు ఎలా ఉంటుందో ఇంట్లో చూస్తూనే ఉంటాం. ఆరు, ఆరున్నరకి లేస్తారు, పదింటి దాకా హుషారు, పదకొండున్నరకి ఆకలి, ఒంటిగంటకి కళ్లు మూతలు పడతాయి, ఆ టైమ్‌లో పడుకోకపోతే మూడింటికి దేనికి ఏడుస్తున్నారో వాళ్లకే తెలీదు. పార్కులు తెరిచేదేమో తొమ్మిది, పదకొండు మధ్య. అంటే మంచి హుషారు టైమ్ దారిలోనో, టికెట్ లైన్లోనో అయిపోతుంది, ఎండ నెత్తిన పడే టైమ్‌కి లోపలికి అడుగుపెడతాం. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్లీ పిల్లలు బాగుంటారు, అప్పుడు లైట్లు, డాన్సులు, పరేడ్ ఉంటే వాళ్ల ముఖాలు చూడాలి. మధ్యలో నిద్ర ఉంటేనే ఆ సాయంత్రం మనకి దక్కుతుంది.

పొద్దున పోయి రాత్రికి రావడం

హన్మకొండ నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ సుమారు 140 కిలోమీటర్లు. మనకి ఉన్న మంచి సౌకర్యం ఏంటంటే నగరంలోకి అడుగుపెట్టక్కర్లేదు. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వచ్చి అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే మీద కొంచెం ముందుకి పోతే రామోజీ. అక్కడ దిగకుండా అదే ఔటర్ మీద ఇంకాస్త ముందుకి పోయి రావిర్యాల ఎగ్జిట్‌లో దిగితే వండర్‌లా. రెండూ మన వైపే ఉన్నాయి. దారిలో కోమల్ల దగ్గర ఒకటి, బీబీనగర్ దగ్గర గూడూరులో ఒకటి టోల్ గేట్లు, ఔటర్ టోల్ వేరే. పిల్లలతో ఒకసారి ఆగి పోతే మూడు గంటల ప్రయాణం పెట్టుకోండి.

పోను మూడు, రాను మూడు, మధ్యలో ఏడెనిమిది గంటలు నడక. పెద్ద పిల్లలుంటే హాయిగా అవుతుంది, వండర్‌లా లాంటిదైతే వాళ్లకి ఒక్కరోజు చాలు కూడా. ఏడేళ్లు దాటిన పిల్లలు మాత్రమే ఉన్న ఇంటివాళ్లకి నేను ఇదే చెప్తాను, హోటల్ ఖర్చు మిగుల్చుకోండి. కానీ చిన్నోళ్లుంటే వద్దు. చీకట్లో హైవే మీద, పొద్దుటి నుంచి తిరిగి అలిసిపోయిన మనిషి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే వెనక సీట్లో నేను నిద్రపోలేకపోయాను, ఆలేరు దాకా మాట్లాడిస్తూనే ఉన్నాను. పార్కు కోసం అంత రిస్క్ ఎందుకు. ఇంకో మాట, పోతూ పోతూ యాదగిరిగుట్టలో దర్శనం చేసుకుని పోదామని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, దారిలోనే ఉంది కాబట్టి. దర్శనం తప్పకుండా చేసుకోండి, కానీ తిరుగు ప్రయాణం రోజు పెట్టుకోండి. పోయేరోజు పెడితే పార్కుకి చేరేసరికి పిల్లల ఓపిక అక్కడే అయిపోతుంది.

కారు లేనివాళ్లకి కాజీపేట నుంచి రైలు సుఖం. సికింద్రాబాద్ దాకా పోయి మళ్లీ నగరం మొత్తం దాటి వెనక్కి రావడం కన్నా, మీ రైలు చర్లపల్లిలో ఆగుతుందేమో చూసుకోండి. 2025 జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ తెరిచారు, అక్కడ దిగి క్యాబ్ తీసుకుంటే ఔటర్ దగ్గర, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. బస్సులో అయితే ఉప్పల్‌లో దిగి ఎల్బీనగర్ వైపు పోవడమే.

చుట్టాలింట్లో దిగడం, బయట హోటల్‌లో దిగడం

మన వరంగల్ వాళ్లకి ఉప్పల్, బోడుప్పల్, నాగోల్, వనస్థలిపురం, ఎక్కడో ఒకచోట పిన్నో, బావో, చిన్ననాటి ఫ్రెండో ఉంటారు. "హోటల్ ఎందుకే, మేం లేమా" అంటారు, అనకపోతే మనకే బాధ. ఏడాది లోపు పసిపిల్ల ఉంటే నిజంగా ఇదే అన్నిటికన్నా మంచి మార్గం. వేడి వేడి పప్పన్నం, నెయ్యి, స్నానానికి వేడినీళ్లు, ఎత్తుకోవడానికి నాలుగు చేతులు. పసిదాన్ని పిన్ని దగ్గర వదిలి పెద్దోణ్ని మాత్రమే తీసుకుని పార్కుకి పోయిరావచ్చు, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. పాలు తాగే పిల్ల అయితే మాత్రం ఒకరు ఇంట్లో ఉండిపోవాల్సిందే. ఇద్దరూ పార్కులోకి రావాల్సిన పిల్లలైతే చుట్టాలిల్లు రాత్రి పడకకే పనికొస్తుంది, మధ్యాహ్నం నిద్రకి కాదు. మధ్యలో నాగోల్ దాకా ఎవరొచ్చి పోతారు.

బయట హోటల్ దగ్గర ఇంకో మోసం ఉంది, హోటల్ వాళ్లది కాదు, మన లెక్కది. "పార్కు నుంచి పది కిలోమీటర్లే" అని ఉంటుంది. ఆ పది కిలోమీటర్లు గేటు దాకా. రామోజీలో మన బండి పార్కింగ్‌లో పెట్టి, వాళ్ల బస్సు ఎక్కి లోపలికి పోవాలి, లోపల కూడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి బస్సులే. అది 1996లో మొదలైన స్టూడియో, ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్‌లో ఎక్కింది, 1,600 ఎకరాల పైమాట. లోపల యురేకా అనే ఆటపాటల చోటు దగ్గర పిల్ల నిద్రకి ఏడుస్తుంటే అక్కణ్నుంచి బస్సు, పార్కింగ్, కారు, హోటల్ లిఫ్ట్... గంట పడుతుంది, అప్పటికి పిల్ల కార్లోనే నిద్రపోయి రూమ్‌కి రాగానే లేచి కూర్చుంటుంది. మళ్లీ వెనక్కి పోవాలని ఎవరికీ అనిపించదు. అందుకే బయట హోటల్ రేటు తక్కువ కనిపించినా, ఆ సాయంత్రం పోయిన టికెట్లని కూడా కలిపి లెక్క చూడండి.

లోపలే దిగడం: రామోజీ

మన వైపు నుంచి పార్కు లోపలే బస అంటే ముందు రామోజీయే. సితార ఖరీదైనది, తార మధ్యరకం, శాంతినికేతన్ ఇంకా అందుబాటు ధరలోది. సితార ఫొటోలు బాగుంటాయి, ఆశ పుడుతుంది. కానీ ఐదేళ్లలోపు పిల్లలతో పోయేటప్పుడు రూమ్‌లో మీరుండేది మధ్యాహ్నం రెండున్నర గంటలు, రాత్రి. పాలరాతి లాబీ వాళ్లకి జారిపడే చోటు మాత్రమే. నేనైతే సితారలో ఒక రాత్రికి పెట్టే డబ్బుని తారలోనో శాంతినికేతన్‌లోనో రెండు రాత్రులకి పెడతాను. రెండు రాత్రులుంటే పరుగు ఉండదు, ఒక రోజు వాన పడ్డా, పిల్లకి కడుపునొప్పి వచ్చినా ఇంకో రోజు ఉంటుంది. తాతయ్య, నాయనమ్మ కూడా వస్తుంటే, వాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే మాత్రం కొంచెం పై తరగతి రూమే తీసుకోండి. లిఫ్ట్ ఉందా, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అడిగి మరీ.

బస ప్యాకేజీల్లో పార్కు ప్రవేశం కలిపే ఇస్తారు. ఎన్ని రోజుల ప్రవేశం, ఏ పూట టిఫిన్, ఏ పూట భోజనం, ఏ వయసు పిల్లలకి విడిగా కట్టాలి, ఇవి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాయించుకోండి. మనం బుక్ చేసేటప్పుడు మాట్లాడిన మనిషి, మనం దిగినప్పుడు కౌంటర్లో ఉండే మనిషి ఒకరు కాదు.

అక్కడ చిన్నపిల్లలకి ఏది నచ్చుతుందో మా ఇంటి అనుభవం చెప్తాను. లోపల అంతా తిప్పి చూపించే ఎర్రబస్సు. మా చిన్నోడు కిటికీ చువ్వ రెండు చేతులతో పట్టుకుని, గడ్డం దాని మీద పెట్టి, సెట్లు కాదు, రోడ్డు పక్కన నీళ్లు పడుతున్న పైపుని చూసి "నీళ్లు, నీళ్లు" అని టూర్ అయ్యేదాకా అదే ముచ్చట. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు మూడేళ్ల నుంచి అందరికీ నచ్చుతాయి, పొద్దున్నే పోతే ఇంకా బాగుంటుంది. ఫండుస్తాన్ అనే పిల్లల ఆటల చోటు నాలుగేళ్లు దాటినవాళ్లది. స్టంట్ షో చప్పుడుకి చిన్నోళ్లు ఉలిక్కిపడతారు, తలుపు దగ్గరి సీట్లలో కూర్చోండి, లేచిపోవడానికి వీలుగా. బోరాసురాకి మాత్రం చిన్నపిల్లల్ని తీసుకుపోకండి, అది భయపెట్టడానికే కట్టింది, ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. బాహుబలి సెట్ దగ్గర ఫొటోలు మన సరదా, పిల్లలది కాదు, ఒక పావుగంట చాలు.

వండర్‌లా: హైదరాబాద్‌లో ఒకలా, బెంగళూరులో ఒకలా

ఇక్కడ చాలామంది పొరబడతారు. వండర్‌లా రిసార్ట్ అని నెట్‌లో చూసి హైదరాబాద్‌లో ఉందనుకుంటారు. రిసార్ట్ ఉన్నది బెంగళూరు దగ్గర బిడది పార్కుని ఆనుకుని, 2012లో తెరిచారు, 84 గదులు. హైదరాబాద్ పార్కు 2016లో వచ్చింది, ఇక్కడ పార్కు చూసుకుని రావడమే. కాబట్టి హైదరాబాద్ వండర్‌లాని ఒక్కరోజు వ్యవహారంగా, పెద్ద పిల్లల కోసం పెట్టుకోండి.

బిడది రిసార్ట్ ఎవరికి బాగుంటుందంటే, వయసు తేడా ఎక్కువున్న పిల్లలున్న ఇళ్లకి. మా ఆడపడుచు వాళ్లకి పెద్దోడు పన్నెండేళ్లు, చిన్నది నాలుగేళ్లు. పెద్దోడు నాన్నతో కలిసి పెద్ద రైడ్లన్నీ ఎక్కాడు, మధ్యాహ్నం చిన్నదాన్ని తీసుకుని ఆమె రూమ్‌కి నడుచుకుంటూ వచ్చేసింది, నాలుగున్నరకి మళ్లీ కలిశారు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ బెంచీ మీద కూర్చునే పని లేకపోయింది. ఇద్దరూ చిన్నోళ్లే అయితే మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కి వందే భారత్ ఉంది, ఎనిమిదిన్నర గంటల ప్రయాణం, దానికి ముందు మనం హన్మకొండ నుంచి కాచిగూడ చేరాలి, తర్వాత బెంగళూరు ట్రాఫిక్ దాటి బిడది చేరాలి. ఒక పూర్తి రోజు పోతుంది, రావడానికి ఇంకో రోజు.

నీళ్ల రైడ్లున్న చోటికి పోతుంటే బట్టల ముచ్చట ముందే తేల్చుకోండి. కాటన్ బట్టలతో, చీరతో, చుడీదార్‌తో కొలనుల్లోకి రానివ్వరు, నైలాన్ లాంటి ఈత బట్టలే వేసుకోవాలి. లోపల అమ్ముతారు కానీ హన్మకొండ చౌరస్తాలో ముందే కొనుక్కుంటే సైజు చూసుకుని, మొహమాటం లేనివి ఎంచుకోవచ్చు, ముఖ్యంగా మన ఆడవాళ్లకి. నిండు చేతులవి, మోకాళ్ల కిందకి వచ్చేవి దొరుకుతాయి. డైపర్ వేసే పిల్లలకి నీళ్లలో వేసే డైపర్లు వేరే ఉంటాయి, మామూలువి నీళ్లు పీల్చి బండరాయి అయిపోతాయి. నాయనమ్మ ఏమీ ఎక్కదు, ఊరికే కూర్చుంటుంది కదా అంటే కుదరదు, పెద్దవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా టికెట్ తప్పదు.

ఇంకా దూరం

ముంబై, పుణె మధ్య ఖోపోలీలో ఇమాజికా ఉంది, 2013లో తెరిచింది, పక్కనే నోవోటెల్ హోటల్. హోటల్ నుంచి పార్కుకి నడిచి పోవచ్చు కాబట్టి నా నిద్ర లెక్కకి అది సరిపోతుంది. కానీ పుణె దాకా రైల్లో పోయి మళ్లీ రోడ్డు మీద... పుణెలోనో ముంబైలోనో మనవాళ్లుండి ఎలాగూ అటు పోతుంటే కలుపుకోండి, దాని కోసమే ఇక్కణ్నుంచి పోవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కనుమల్లో వాన గట్టిగా కొడుతుంది, అది కూడా చూసుకోండి.

అమెరికాలో తమ్ముడో, చెల్లెలో ఉండి ఓర్లాండో డిస్నీకి పోయేవాళ్లు మన దగ్గర ఇప్పుడు చాలామంది. అక్కడ మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, డిస్నీ సొంత హోటళ్లలో దిగినవాళ్లకి రోజూ అందరికన్నా అరగంట ముందు లోపలికి పోనిస్తారు. జెట్‌లాగ్ పట్టిన మన పిల్లలు ఎలాగూ చీకటితోనే లేస్తారు కాబట్టి ఆ అరగంట మనకి బాగా పనికొస్తుంది. హోటళ్లు ముఖ్యంగా మూడు తరగతులు. అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి నడిచిపోయేంత దగ్గర్లో ఉండే కాంటెంపరరీ లాంటివి చాలా ఖరీదు. చవక తరగతిలో పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌కి స్కైలైనర్ అనే తీగ మీద పోయే బండి ఉంది, కానీ అది ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకే పోతుంది, చిన్నపిల్లలు ఎక్కువ ఇష్టపడే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి బస్సే. తేడా అక్కడుంది, చూసుకుని కట్టండి. ఒక పెద్ద రైడ్‌కి అమ్మ లైన్లో ఉంటే నాన్న పిల్లని పట్టుకుని, తర్వాత మళ్లీ లైను కట్టకుండా మారి ఎక్కే పద్ధతి ఉంది, రైడర్ స్విచ్ అంటారు, ఆ రైడ్ గేటు దగ్గర అడగాలి. అన్నం, పప్పు లేక నాలుక చచ్చిపోతే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్‌లో మన రుచులకి దగ్గరగా రొట్టెలు, పచ్చళ్లు ఉంటాయి. అమెరికాలో దిగిన మొదటి వారంలో మాత్రం పెట్టుకోకండి.

మూడేళ్లలోపు ఒక్కరే పిల్ల ఉన్నవాళ్లకి

నిజం చెప్పనా, ఈ ఏడాది పార్కు మానేయండి. హన్మకొండలో ఎగ్జిబిషన్ పడ్డప్పుడో, ఐనవోలు జాతరకో తీసుకుపోయి రంగులరాట్నం ఎక్కించి చూడండి, జెయింట్ వీల్ కింద నిలబెట్టి ఆ చప్పుడు, ఆ లైట్లు చూపించండి. మెడ పట్టుకుని ముఖం దాచుకుంటే ఇంకా టైమ్ ఉంది, దిగనని ఏడిస్తే బుక్ చేయండి. ఇరవై నిమిషాల్లో, వంద రెండొందలతో తేలిపోతుంది. ఆ వయసుకి కాకతీయ జూ పార్కులో ఒక పొద్దుట, ఇంకో వారం లక్నవరంలో ఒక రాత్రి చాలు. లక్నవరంలో పర్యాటక శాఖ హరిత కాటేజీలున్నాయి, ఊగే వంతెన ఉంది, ఇంటి నుంచి రెండు గంటల్లోపే. పోయేటప్పుడో వచ్చేటప్పుడో రామప్ప చూసుకోవచ్చు. చుట్టూ చెరువు కాబట్టి నడక వచ్చిన పిల్ల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు, అది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

రూమ్ బుక్ చేసే ముందు అడగాల్సినవి

మేము మొదటిసారి ఒక రిసార్ట్‌కి (పేరు వద్దు) పదకొండున్నరకి చేరుకున్నాం. రూమ్ రెండింటికి అన్నారు, ముందే వస్తున్నాం అని ఫోన్‌లో చెప్పినా. చిన్నోడు లాబీ సోఫాలో నా ఒళ్లో నిద్రపోయాడు, చెంప మీద సోఫా గీతలు పడ్డాయి, నేను కాలు కదపలేక అలాగే కూర్చున్నాను. రెండుంపావుకి తాళంచెవి చేతికి వచ్చింది, లేచి నిలబడగానే వాడూ లేచాడు. ఆ రోజు అంతే. అదే రాత్రి తొమ్మిదిన్నరకి పాలు అడిగితే కిచెన్ మూసేశారన్నారు, రూమ్‌లో కెటిల్ లేదు, మా ఆయన బయటికి పోయి అరగంట తిరిగి టీ కొట్టులో గ్లాసు పాలు పట్టుకొచ్చాడు.

అప్పటి నుంచి బుక్ చేసే ముందు నేను అడిగేవి ఇవి. రూమ్ ఎన్నింటికి ఇస్తారు, ముందే కావాలంటే ఎంత అదనం, ఆ అదనం కట్టడానికి నేను సిద్ధం, ఎందుకంటే మొదటి రోజంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. రాత్రి ఎన్నింటి దాకా పాలు, పెరుగన్నం దొరుకుతాయి. కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయా. మంచం ఒకటేనా, రెండు సింగిల్ మంచాలు జోడించిందా. జోడించిందైతే మధ్య సందులోకి పిల్లలు జారతారు, దుప్పటి చుట్టి ఆ సందులో దూర్చాలి, మంచాన్ని గోడకి జరపాలి. బాల్కనీ ఉంటే గడియ పైన ఉందా, కింద పిల్ల చేతికి అందేలా ఉందా. స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలది వేరే ఉందా, ఎన్నింటికి తెరుస్తారు. మా అమ్మాయికి ఇప్పటికీ ట్రిప్ అంటే గుర్తొచ్చేది రైడ్ కాదు, పొద్దున ఏడింటికి ఎవరూ లేని చిన్న పూల్‌లో నాన్నతో ఆడిన ఆట. పార్కు నుంచి రూమ్‌కి మధ్యాహ్నం కూడా బస్సు ఉంటుందా, ఎంతసేపటికి ఒకటి. ఇది మాత్రం ఎవరూ అడగరు, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పొద్దున, సాయంత్రం మాత్రమే బండి తిప్పే హోటల్ పార్కుకి దగ్గర్లో ఉన్నా ఒకటే, దూరంగా ఉన్నా ఒకటే.

తిండి విషయంలో, పార్కుల్లోకి బయటి తినుబండారాలు రానివ్వరు, పసిపిల్లల ఆహారం అయితే గేటు దగ్గర చెప్పి అడగండి. రూమ్‌లోకి మాత్రం ఒక డబ్బా సకినాలు, మురుకులు, నాలుగు అరటిపళ్లు, ఉగ్గు పొడి, ఒక ఫ్లాస్క్ పట్టుకుపోండి. జ్వరం సిరప్, కొలత మూత, ఓఆర్ఎస్ ప్యాకెట్లు హ్యాండ్‌బ్యాగ్‌లో పైనే ఉండాలి.

ఎప్పుడు పోవాలి అంటే

ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా చిన్నపిల్లలతో వద్దే వద్దు, నీళ్ల పార్కు అయినా సరే, నీళ్ల దాకా నడిచే దారి కాలుతుంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో రాష్ట్రం అంతా అక్కడే ఉంటుంది, రేట్లూ పైనే, లైన్లూ పైనే. మీ పిల్లలు ఇంకా బడికి పోని వయసైతే మీరు అదృష్టవంతులు, నవంబరులోనో ఫిబ్రవరిలోనో ఒక మంగళవారం, బుధవారం చూసుకుని పోండి. బడికి పోయే పిల్ల ఉంటే యూకేజీలో రెండు రోజులు సెలవు పెట్టినా ఏం కాదు, టీచర్‌కి ముందే చెప్పి తీసుకుపోండి, పదో తరగతిలో ఆ పని చేయలేం. డిసెంబరు, జనవరిలో రామోజీలో వింటర్ ఫెస్ట్ ఉంటుంది, సాయంత్రం లైట్లు, పరేడ్ కోసం అదే మంచి టైమ్, స్వెటర్, మంకీ క్యాప్ పెట్టుకోండి, బస్సులో చల్లగాలి కొడుతుంది.

చివరిగా డబ్బు కట్టే ముందు రద్దు చేసుకునే నిబంధన చదవండి. రేటు కొంచెం ఎక్కువైనా తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. బయల్దేరే ముందు రాత్రి పదకొండింటికి పిల్ల ఒళ్లు వెచ్చబడటం అన్నది ఏ ఇంట్లో అయినా జరిగేదే. రెండోసారి మాకూ అదే జరిగింది, బ్యాగులు తలుపు దగ్గర సర్ది ఉన్నాయి, చిన్నోడికి 102 జ్వరం. పొద్దున్నే ఫోన్ చేసి తేదీ మార్చమంటే మూడు వారాల తర్వాత ఒక బుధవారం ఇచ్చారు. అప్పటికి వాడు 89 సెంటీమీటర్లయ్యాడు.